సదస్సులో మైకమ్మ

ఆవిడకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, పింఛను కాగితాల మీద తప్ప అది ఇంకెక్కడా పనికి రాలేదు. ఊరందరికీ ఆవిడ మైకమ్మ. దాదాపు ముప్పై ఏళ్లు పెద్ద బస్టాండులో, మెట్ల కిందున్న గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యంగా నడుస్తోందో, ఎవరి పిల్లాడు ఎక్కడ ఏడుస్తూ దొరికాడో చెప్పిన మనిషి. మైకు పాడైన రోజుల్లో కూడా పని ఆపలేదు. కిటికీ రెక్క తెరిచి, మెడ బయటికి పెట్టి కేక వేసేది. ఆ కేక తమకే అనుకుని, గేటు దాటిపోయిన బస్సులు కూడా వెనక్కి వచ్చేవని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు.

ఉద్యోగానికి విరమణ వచ్చింది గానీ గొంతుకు రాలేదు. "స్నానానికి నీళ్లు కాగాయి" అని ఆవిడ వంటింట్లోంచి అంటే, పై అంతస్తులో అద్దెకున్నాయన తువ్వాలు భుజాన వేసుకుని లేచేవాడు. "అమ్మా, మెల్లగా" అని కొడుకు చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. తను మెల్లగానే మాట్లాడుతున్నానని ఆవిడ నిజంగానే అనుకునేది.

అలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన పిల్ల పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేది. ఎలా చెప్పేదో అత్తగారికి అంతుబట్టేది కాదు. ఎందుకంటే ఆ పిల్ల మాట ఆ పిల్లకే వినపడాలి. పైగా వాక్యం మధ్యలో ఆగి, సరైన మాట కోసం కాస్త ఆలోచిస్తుంది. ఆగిందంటే అయిపోయిందనుకుని అత్తగారు అందుకునేది. అందుకుని పూర్తి చేసేది కూడా. పెళ్లయిన మూడేళ్లలో ఆ ఇంట్లో కోడలు మొదలుపెట్టిన మాటలన్నీ అత్తగారి నోట్లోనే ముగిశాయి. కోడలు చెప్పబోయింది అదేనా అని ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం, జవాబు కూడా మైకమ్మే చెప్పి ఉండేది.

ఒక సాయంత్రం కోడలు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, నా పేపరు..."

"వచ్చిందమ్మాయ్, కుర్చీ మీద పెట్టాను చూడు. ఇవాళ తడిసిపోయింది. ఆ పేపరువాడికి గడ్డి పెట్టాను!"

"అయ్యో అత్తయ్యా, సదస్సుకి నా పేపరు..."

"సదస్సువాళ్లకి కూడా మన పేపరే కావాలా? కొనుక్కోమను!"

చివరికి కొడుకు డ్యూటీ నుంచి వచ్చాక విడమరిచి చెప్పాడు. పారిశ్రామిక ఎలక్ట్రానిక్స్ మీద ఏటా ఒక పెద్ద సదస్సు జరుగుతుంది. ఫ్యాక్టరీల్లో మోటార్లు, వాటిని నడిపే పెట్టెలు, రోబో చేతులు, వీటి మీద పని చేసేవాళ్లంతా ఒకచోట చేరి, ఈ ఏడాది ఏం కనిపెట్టారో ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటారు. కోడలు రాసి పంపిన వ్యాసం వాళ్లకు నచ్చింది. పోస్టరుగా వేసి, దాని పక్కన నిలబడి వివరించమన్నారు.

"పోస్టరా? గోడకి అతికించడానికి ఇంత చదువుకున్న పిల్ల వెళ్లాలా? బకెట్టూ జిగురూ ఇచ్చి ఎవరినో ఒకర్ని పంపితే సరిపోదూ?"

"అమ్మా, అది సినిమా పోస్టరు కాదు."

వెళ్లడం మాటెలా ఉన్నా, చంటిదాని సంగతి తేలలేదు. కోడలికి ఇంకా నడక రాని కూతురుంది. కొడుక్కి సెలవు దొరకలేదు. ఆ చంటిది మామూలు జోలపాటకు నిద్రపోయే రకం కాదు. నాయనమ్మ భుజాన వేసుకుని, "గమనిక! ఉదయం బయలుదేరవలసిన ఎక్స్‌ప్రెస్ సర్వీసు..." అని మొదలుపెడితేనే కళ్లు మూసేది.

"నేనొస్తానమ్మాయ్. పిల్లని నేను చూసుకుంటా. నువ్వు నీ పోస్టరు చూసుకో" అంది మైకమ్మ.

కోడలు మొహం వెలిగిందో, వాడిందో చెప్పడం కష్టం. "మీకెందుకు శ్రమ..." అంది.

"శ్రమేం లేదు!" అంది అత్తగారు. ఆ వాక్యం కూడా అలా ముగిసింది.

సదస్సు జరిగే భవనం పక్క నగరంలో ఉంది, నాలుగంతస్తులది. లోపలికి అడుగు పెట్టగానే బల్లల వెనక కూర్చున్న అమ్మాయిలు పేర్లు రాసుకుని, మెడలో వేసుకునే కార్డులు ఇస్తున్నారు. కోడలు కార్డు ఇచ్చాక, ఆ అమ్మాయి తలెత్తి మైకమ్మను చూసింది.

"మీ సంస్థ, మేడమ్?"

"బస్టాండు" అంది మైకమ్మ, అడిగినదానికి చెప్పాలి కాబట్టి.

ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా అదే రాసి ఇచ్చింది. కోడలు అడ్డు చెప్పబోయింది గానీ, అప్పటికే కార్డు అత్తగారి మెడలో ఉంది. అక్కడే టీ తాగుతున్న నెరసిన గడ్డం ప్రొఫెసరు ఒకాయన ఆ కార్డు మీదికి వంగి చదివాడు.

"ఓహో, రవాణా రంగమా? విద్యుత్ బస్సుల మీదా మీ పని?"

"అన్ని బస్సుల మీదా."

"చాలా విస్తృతమైన పరిధి" అన్నాడాయన గౌరవంగా.

"పండగ రోజుల్లో అయితే ఊపిరాడేది కాదనుకోండి."

ఆయన తల పంకించి, అదేదో సాంకేతిక సమస్య అనుకుని వెళ్లిపోయాడు.

పోస్టర్లు పెట్టింది రెండో అంతస్తు వరండాలో. అన్నిటికన్నా చివరిది కోడలిది. పైన పెద్ద అక్షరాలతో 'మోటార్ల జబ్బులు ముందే పసిగట్టడం' అని ఉంది. ఒకపక్క చేతులు కడుక్కునే కొళాయిలు, ఇంకోపక్క మూతపడ్డ లిఫ్టు. కోడలు నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, ఒకసారి వెనక్కి జరిగి చూసుకుని, మళ్లీ ఒక పిన్ను తీసి సరిగ్గా గుచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. వచ్చేపోయేవాళ్లు కొళాయిల దాకా వస్తున్నారు, వెళ్తున్నారు. ఒకాయన మాత్రం పోస్టరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కోడలు గొంతు సవరించుకుంది.

"చేతులు తుడుచుకునే కాగితం ఎక్కడుంటుందండీ?" అన్నాడాయన.

మైకమ్మకు ఒళ్లు మండింది. కానీ చంటిది కూడా అప్పుడే రాగం అందుకోవడంతో, పాలసీసా వెచ్చబెట్టించడానికి పిల్లను చంకనేసుకుని కిందికి దిగింది.

కింద అంతా గందరగోళంగా ఉంది. పెద్ద హాలు పైకప్పులోంచి నీళ్లు కారడం మొదలై, వేదిక మీద వేసిన తివాచీ నానిపోయింది. దాంతో ఆ హాల్లో జరగాల్సినవి వేరే గదుల్లోకి, ఆ గదుల్లోవి ఇంకెక్కడికో మార్చేశారు. చేతిలో కార్యక్రమాల పుస్తకం పట్టుకుని, ఇంతింత చదువులు చదివినవాళ్లు తలుపు తలుపూ తీసి లోపలికి తొంగిచూసి, "క్షమించండి" అని మళ్లీ వేసేస్తున్నారు. నడిమధ్యలో ఒక బల్ల దగ్గర సదస్సు కన్వీనరు, రెండు చెవులకూ రెండు ఫోన్లు భుజాలతో నొక్కిపెట్టుకుని, మధ్యలో దొరికిన మూతికి మైకు పెట్టుకుని, "మొదటి సెషను... అంటే రెండోది... కాదు, ఉండండి" అంటున్నాడు. ఆ మాట స్పీకర్లలోంచి గురకలా బయటికొస్తోంది.

మైకమ్మ చూస్తూ నిలబడలేకపోయింది. వంట పాడవుతుంటే వంటమనిషి ఊరుకోగలదా? ఆవిడా అంతే.

"ఏం బాబూ, ప్లాట్‌ఫారాలు మారాయా?"

"ఏ ప్లాట్‌ఫారాలమ్మా?"

"అదే, గదులు. ఏది ఎక్కడికి మారిందో కాగితం ఉందా నీ దగ్గర?"

ఆయన కాగితం చాపాడు. మైకమ్మ అది అందుకుని, మైకు లాక్కుని, చంటిదాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. ఫోన్లు రెండూ బల్ల మీద పడ్డాయి. ఆవిడ మైకును నోటికి జానెడు దూరంలో పట్టుకుంది.

"గమనిక! దయచేసి వినండి! ఒకటో నంబరు హాలు నుంచి బయలుదేరవలసిన పవర్ కన్వర్టర్లు, మెట్ల పక్కనున్న నాలుగో నంబరు హాలుకు మార్చబడినవి. అందులో వెళ్లవలసినవారు వెంటనే వెళ్లి తమ తమ సీట్లలో కూర్చోవలసిందిగా కోరుతున్నాము. రోబో చేతుల ప్రొఫెసరుగారు దారిలో ఇరుక్కుపోయిన కారణంగా ఆలస్యంగా నడుస్తున్నారు. ప్రయాణికులు సహకరించవలెను!"

భవనమంతా ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. తర్వాత కదిలింది. ఎవరూ ఆలోచించలేదు. ఆ గొంతుకు ముందు కాళ్లు లేచాయి, బుర్రలు వెనకాల వెళ్లాయి. "నాలుగో నంబరు హాలు, ఇదే ఆఖరి పిలుపు!" అని ఆవిడ ఇంకోసారి అనగానే, టీ గ్లాసులు సగంలో వదిలేసి డీన్లు పరిగెత్తారు. ఉపన్యాసం తలుపులేసుకుని వెళ్లిపోతుందన్న భయం వాళ్లకు జీవితంలో అంతకుముందెప్పుడూ కలగలేదు.

పొరపాట్లూ జరిగాయి. కాగితంలో పక్క గడి చదివి, బ్యాటరీలవాళ్లందర్నీ వెల్డింగు యంత్రాల గదిలోకి తోలింది. ఆ గదిలో మాట్లాడవలసిన ఆయన నలుగురు వస్తే గొప్పనుకుని కూర్చున్నాడు. ఒక్కసారిగా గది నిండి, గోడల వెంట కూడా జనం నిలబడేసరికి, ఆయన కళ్లు చెమర్చాయి. అంత సంబరంగా మాట్లాడుతుంటే మధ్యలో లేచి పోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఇంకోసారి, "నల్లటి ఛార్జరు ఒకటి దొరికింది, ఆనవాలు చెప్పి తీసుకెళ్లగలరు" అంటే, బల్ల ముందు వరస కట్టారు. అందరి ఆనవాలూ ఒకటే, నల్లగా ఉంటుందని.

కన్వీనరు ఎవరితోనో పాలసీసా వెచ్చబెట్టించి పిల్లకు పట్టిస్తూ, "అమ్మా, మీరు ఏ కమిటీ?" అని అడిగాడు. మెడలో కార్డు చూశాడు. ఇంకేం అడగలేదు.

అన్నీ సర్దుకున్నాయి. మైకు ఇచ్చేస్తే సరిపోయేది. కానీ చేతిలోకి మళ్లీ మైకు వచ్చి ఎన్నాళ్లయిందో! పైగా పైన కొళాయిల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ కోడలు కళ్లముందు మెదిలింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

"మరొక ముఖ్య గమనిక! రెండో అంతస్తు వరండా చివర, చేతులు కడిగే చోట, మోటార్ల జబ్బులు చెప్పే పోస్టరు సిద్ధముగా ఉన్నది. చోటు తక్కువ. ముందు వచ్చినవారికే!"

కన్వీనరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "అమ్మా, ఇది ఇందులో లేదే?"

"స్పెషల్ బండి బాబూ" అని, పిల్లను తీసుకుని మైకమ్మ మెట్లెక్కింది.

చోటు తక్కువ అనేసరికి జనం ఎగబడ్డారు. వరండాలో అటు చివర నుంచి ఇటు చివరి దాకా మనుషులే. వాళ్లను తోసుకుంటూ మైకమ్మ ముందుకొచ్చి చూస్తే, కోడలు పోస్టరుకు వీపు ఆనించి, తనే ఇంకో పోస్టరులా అతుక్కుపోయి ఉంది.

"అత్తయ్యా... ఇది మీ పనేనా?"

"మరెవరిదనుకున్నావ్! చెప్పు, చెప్పు, అందరూ నీకోసమే వచ్చారు!"

కోడలు నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. "వినపడట్లేదండీ!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకాస్త గట్టిగా ప్రయత్నించి, సరైన మాట కోసం మధ్యలో ఆగింది. ఆగిందే తడవుగా మైకమ్మ అందుకుంది.

"అంటే ఆవిడ చెప్పేదేమిటంటే..."

తలలన్నీ ఇటు తిరిగాయి. గడ్డం ప్రొఫెసరు కూడా ముందు వరసలోనే ఉన్నాడు. "చెప్పండి మేడమ్, మీరు బస్సుల్లో దీన్ని వాడి చూశారా?" అన్నాడు ఆసక్తిగా.

మైకమ్మ దగ్గర తర్వాతి మాట లేదు. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. కాగితం అందకపోయినా, కరెంటు పోయినా, ఏదో ఒకటి నోటికొచ్చేది. ఇప్పుడు వెతికితే ఏమీ లేదు. కోడలు రోజూ రాత్రి భోజనాల తర్వాత బల్ల మీద తీగలు పరుచుకుని కూర్చునేది, చిన్న పెట్టె ఒకటి చేసేది, దాన్ని విప్పేది, మళ్లీ చేసేది. అదంతా తను కళ్లారా చూసింది. ఏమిటది అని ఒక్కసారి అడిగితే కదా? అడిగినట్టే గుర్తు. జవాబు మొదలుకాగానే తనే, "బాగుందమ్మాయ్, ఆ తీగలు పిల్లకి అందనివ్వకు" అని ముగించినట్టూ గుర్తు. చెవులు వేడెక్కాయి.

"నాకు తెలీదు బాబూ" అంది. "అది చేసింది ఆ పిల్ల. దానికే తెలుసు. మీరంతా కాసేపు నోళ్లు మూసుకుంటే, అందరికీ వినపడుతుంది!"

ఆ ఆఖరి మాట పూర్తి గొంతుతో వచ్చింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాయన కూడా నీళ్లు కట్టేశాడు.

ఆ నిశ్శబ్దంలో కోడలు మాట్లాడింది. మామూలు గొంతుతోనే. జనమే దగ్గరగా జరిగారు.

"ఫ్యాక్టరీలో మోటారు ఒక్కసారిగా చెడిపోదండీ. లోపల బేరింగు అరగడం ఎప్పుడో మొదలవుతుంది. బయటికి చప్పుడు వినపడేసరికి ఆలస్యమైపోతుంది. కానీ అంతకు చాలా ముందే, అది తీసుకునే కరెంటులో చిన్న..."

ఆగింది. మైకమ్మ నోరు అలవాటుకొద్దీ తెరుచుకుంది. కోడలు ఇటు చూడకుండానే ఒక వేలు పైకెత్తింది. మైకమ్మ నోరు మూసుకుంది.

"...చిన్న వణుకు వస్తుంది" అని కోడలు తన వాక్యాన్ని తనే పూర్తి చేసింది. "మోటారు విప్పక్కర్లేదు, ఆపక్కర్లేదు. ఈ పెట్టెను తీగకి తగిలిస్తే, ఆ వణుకును పట్టుకుంటుంది."

మైకమ్మ పోస్టరు వైపు చూసింది. గీతలు, గీతల మీద గీతలు. ఒకచోట గీత మెత్తగా పోతోంది, పక్కదాంట్లో సన్నగా జలదరించినట్టుంది. అంతకుముందు అవన్నీ ఒకేలా కనిపించాయి.

చంటిది నిద్రకు మారాం చేసింది. బస్సుల పాట ఎత్తుకోవాలి, కానీ ఎత్తుకుంటే కోడలి మాట పోతుంది. మైకమ్మ పిల్ల చెవిలో నోరు పెట్టి, "గమనిక... ఉదయం బయలుదేరవలసిన..." అని గుసగుసగా అంది. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. పిల్ల కూడా కళ్లు తెరిచి ఒకసారి మొహంలోకి చూసి, మనిషి మారలేదని తేల్చుకుని, కళ్లు మూసింది.

గడ్డం ప్రొఫెసరు ఏదో పొడుగ్గా అడిగాడు. అది అడగడం కాదు, ఇలాంటిది కుదరదని చెప్పడం. కోడలు చివరిదాకా విని, "కాదండీ. లోడు మారినప్పుడు వచ్చే తేడా వేరు, ఇది వేరు. ఈ రెండో గీత చూడండి" అంది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముక్కు ఆనించేంత దగ్గరగా చూసి, "ఊఁ" అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. మైకమ్మ మాత్రం ఆ "కాదండీ" దగ్గరే ఆగిపోయింది. మూడేళ్లలో ఆ పిల్ల నోట తను వినని మాట అది. అనలేదా, తను విననివ్వలేదా?

బహుమతి కోడలికి రాలేదు. రంగురంగుల దీపాలు వెలిగి ఆరే పోస్టరుకు వచ్చింది. కానీ మంచినీళ్ల సరఫరా చూసే ఇంజనీరు ఒకాయన అందరూ వెళ్లాక కూడా ఉండిపోయి, తమ పంపులు వచ్చి చూడగలరా అని అడిగాడు. కన్వీనరు మైకమ్మకు ఒక సంచీ, ఒక పెన్నూ ఇచ్చి, చంటిదాని బుగ్గ పుణికి పంపించాడు.

తిరుగు బస్సులో కోడలు కిటికీ పక్కన కూర్చుంది. మైకమ్మ మెప్పు కోసం ఎదురుచూస్తోంది.

"అత్తయ్యా, మీతో ఒక మాట చెప్పాలి. మధ్యలో అందుకోకండి."

"చెప్పమ్మాయ్."

"అది అందుకోవడమే."

మైకమ్మ పెదవులు బిగించింది. ఇక కోడలు మొదలుపెట్టింది. ఆ గొంతులో కోపం కూడా మెల్లగానే ఉంది గానీ, ఆగకుండా వచ్చింది. అడక్కుండా అందర్నీ పిలవడం తప్పు. అంతమందిని చూసి గుండె ఆగినంత పనయింది. తర్వాత మంచే జరిగింది, అది వేరే సంగతి, అయినా తప్పే. చేతులు కడిగే చోటు అని మైకులో చెప్పాలా? అక్కడితో ఆగలేదు.

"ఇంకోటి. నేను కాఫీలో చక్కెర వేసుకోనత్తయ్యా. పెళ్లయిన మర్నాటి నుంచీ చెప్పబోతున్నాను. 'నాకు చక్కెర...' అనగానే, 'ఇంకో చెంచానా' అని వేసేస్తారు. మూడేళ్లుగా పానకం తాగుతున్నాను."

మైకమ్మ నిర్ఘాంతపోయింది. "మరి మొన్న దుప్పటి..."

"నాకు చలెయ్యలేదు. కిటికీ తెరవమని అడగబోయాను."

"అయ్యయ్యో! ఇంకా ఏమేం ఉన్నాయే తల్లీ?"

ఉన్నాయి. బస్సు ఊరు చేరేదాకా ఉన్నాయి. కొన్నింటికి మైకమ్మ ఎదురుతిరిగింది కూడా. గుమ్మంలో చెప్పులు అడ్డదిడ్డంగా వదిలేది నువ్వే, పిల్లకి పాలు మరీ చల్లగా పట్టేది నువ్వే అని తనూ నాలుగు వేసింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "అమ్మా, కాస్త మెల్లగా" అంటే, అత్తాకోడళ్లిద్దరూ ఒక్కసారే ఆయన్ని కొరకొరా చూశారు. ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ అలాంటి దెబ్బలాట జరగలేదు. దిగేటప్పుడు ఇద్దరికీ విపరీతంగా ఆకలేసింది.

కొన్నాళ్లకు కోడలు మంచినీళ్ల పంపుల దగ్గరికి వెళ్లింది. మొదట చూసిన పంపుకు జబ్బుందని చెప్పింది. వాళ్లు కష్టపడి విప్పి చూస్తే లోపల అంతా శుభ్రంగా ఉంది. పనివాళ్లు గొణుక్కున్నారు. కోడలు పెట్టె ఇంటికి తెచ్చుకుని, మళ్లీ విప్పి, మళ్లీ కట్టి తీసుకెళ్లింది. ఈసారి అది వేరే పంపును చూపించింది. విప్పారు. బేరింగు అరిగి గాడి పడి ఉంది.

ఆ సాయంత్రం మైకమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని, "ఏమన్నారు?" అని అడిగింది. అడిగి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలు చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది, మాట వెతుక్కుంది, దొరికాక మళ్లీ చెప్పింది. గిన్నెలు చల్లారిపోయాయి. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కొడుకు, ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఏమిటా అని హడలిపోయి, "అమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"నువ్వుండరా! అమ్మాయి చెప్తోంది" అంది మైకమ్మ. పై అంతస్తాయనకు కూడా వినపడింది.